హాల్లో 5.1 పెట్టాం సరే, డైలాగులు వినపడేలా రిసీవర్ సెట్ చేయడం: ప్రాజెక్టు డైరీ

సామాను ఏంటో ముందు రాసేస్తా, ఎవరైనా అంకెలు పోల్చుకోవాలంటే పనికొస్తుంది. డెనాన్ 7.2 రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ఆంప్ పెట్టె), మైకుతో గదిని కొలిచి శబ్దం సరిచేసే ఆడిసీ మల్ట్‌ఈక్యూ ఎక్స్‌టీ ఉన్న రకం. ముందు రెండు టవర్లు, ఒక సెంటర్, వెనక సరౌండ్లుగా రెండు చిన్న బుక్‌షెల్ఫ్‌లు, 10 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, కింది బాస్ వాయించే పెట్టె) ఒకటి, ఈ ఐదూ ఒకటీ కలిసే 5.1. హాలు 11 బై 16 అడుగులు, కుడి పక్క గోడ సగం దాకే ఉంటుంది, ఆ తర్వాత అంతా డైనింగ్ వైపు ఓపెన్. కింద విట్రిఫైడ్ టైల్స్. ఫాల్స్ సీలింగ్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి అట్మాస్ కోసం పైన స్పీకర్లు అనే ఆలోచనే పెట్టుకోలేదు. రెండు ఛానెళ్ళు ఖాళీగా ఉన్నాయిగా బై-యాంప్ చేసుకోండి సార్ (అంటే ఒక్కో టవర్‌కి రెండేసి ఛానెళ్ళు) అన్నాడు షాపతను, కానీ రెండూ అదే పెట్టెలో ఉన్న అదే పవర్ సప్లై నుంచి రావాలి, వైరు ఖర్చు తప్ప మిగిలేదేం లేదు, వదిలేశా.

అసలు ఇదంతా ఎందుకంటే నాన్నగారు. టీవీ స్పీకర్లలో మాటలు వినపడవు, 40 పెడతారు, ఫైట్ రాగానే ఇల్లు ఎగిరిపోతుంది, రిమోట్ ఎక్కడుందో దొరకదు. కింద ఫ్లాట్లో రిటైరైన మాస్టారు ఉంటారు, తొమ్మిదిన్నరకే పడుకుంటారు. కాబట్టి నేను పెట్టుకున్న టార్గెట్ ఒక్కటే, రాత్రి పదింటప్పుడు తక్కువ వాల్యూమ్‌లో ప్రతి మాటా అర్థమవ్వాలి, మాస్టారి గారి సీలింగ్ మాత్రం అదరకూడదు. థియేటర్ ఎఫెక్టు అదీ ఇదీ ఆ తర్వాతే.

శనివారం పొద్దున, వైర్లు

ఇంటీరియర్ పని జరిగేటప్పుడే గోడ పైపుల్లోంచి వైరు లాగించి పెట్టాం, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఇంత చిన్న హాలుకి 1.5 అయినా సరిపోతుంది, కాకపోతే కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, చివర బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. రేటు తక్కువ ఎందుకుందో అప్పుడు తెలుస్తుంది.

ఎలక్ట్రీషియన్ ఏ వైరు ఎక్కడికెళ్తుందో రాయలేదు, ఏది ప్లస్సో ఏది మైనస్సో అంతకన్నా రాయలేదు. రిసీవర్ వైపు వైర్లన్నీ ఊడదీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ పెట్టి చెక్ చేశా. సెల్ ప్లస్ చివర్ని ప్లస్ అనుకుంటున్న వైరుకి, మైనస్‌ని రెండో దానికి ఒక్క క్షణం అలా ఆనిస్తే టక్ మని చప్పుడొచ్చి వూఫర్ కోన్ బయటికి రావాలి, లోపలికి పోతే వైరు తిరగబడినట్టు. మా అమ్మాయిని స్పీకర్ దగ్గర నిలబెట్టా, "బయటికి... బయటికి... నాన్నా ఇది లోపలికి పోయింది" అని కుడి సరౌండ్ దగ్గర అరిచింది. అక్కడ మార్చా. దీన్ని అలాగే వదిలేస్తే ఒక స్పీకర్ ముందుకి తోసేటప్పుడు ఇంకోటి వెనక్కి లాగుతుంది, బాస్ పల్చబడిపోతుంది, శబ్దం ఎటునుంచి వస్తుందో అంతు పట్టదు. ఆడిసీ కూడా పట్టుకుంటుంది, ఫేజ్ అని మెసేజ్ ఇస్తుంది, కాకపోతే కొన్ని స్పీకర్లకి వైరు కరెక్టుగా ఉన్నా అదే మెసేజ్ వస్తుంది. సెల్‌తో చూసుకుని ఉంటే ధైర్యంగా స్కిప్ నొక్కొచ్చు.

సరౌండ్లు డాల్బీ వాళ్ళ లెక్కలో 90 నుంచి 110 డిగ్రీల మధ్య, అంటే మనకి సరిగ్గా పక్కన లేదా కాస్త వెనక. ఎడమది గోడకి బిగించాం, నా తలకి 5 అడుగులు. కుడి పక్క గోడే లేదు, స్టాండు మీద పెట్టి డైనింగ్ కుర్చీలకి అడ్డం రాకుండా జరిపితే 7 అడుగులైంది. సమానంగా లేవని మా ఆవిడ అంది. ఈ తేడా వల్ల శబ్దం 2 మిల్లీసెకన్లకి కాస్త తక్కువ ఆలస్యం, 3 డెసిబెళ్ళ దాకా తక్కువ గట్టి. రెండూ రిసీవర్ సరిచేసే బాపతే, దీని కోసం గోడ కట్టక్కర్లేదు.

అదే రోజు, సెంటర్ స్పీకర్

నన్నడిగితే మొత్తం పనిలో సగం ఫలితం ఇక్కడే వచ్చింది, ఇంకా రిసీవర్ సెట్టింగులు ముట్టుకోను కూడా లేదు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్లోంచే వస్తాయి. మా టీవీ యూనిట్లో అరలు లోతుగా ఉంటాయి, స్పీకర్ని అర మధ్యలో పెడితే మగ గొంతులు డ్రమ్ములోంచి మాట్లాడినట్టు గుమ్ గుమ్ అన్నాయి. అర అంచు దాకా, ఇంకా చెప్పాలంటే అర అంగుళం బయటికి లాగితే ఆ గుమ్ములో చాలావరకు పోయింది. ఖాళీ మిగిలిన చోట పాత దుప్పటి మడత పెట్టా, రిసీవర్ మాత్రం ఆ అరలో లేదు, దానికి పైన గాలి ఆడాలి, వేడి బాగా వస్తుంది.

రెండోది ఎత్తు. ఆ అర నేల నుంచి 20 అంగుళాలు, సోఫాలో కూర్చుంటే చెవి 38 అంగుళాల దగ్గర. అంటే స్పీకర్ మన మోకాళ్ళకి డైలాగ్ చెప్తోంది. ముందు కాళ్ళ కింద తలుపుకి పెట్టే రబ్బరు స్టాపర్లు రెండు పెట్టి పైకి వంచా. ఎంత వంచాలో కొలవడానికి తేలిక పద్ధతి ఉంది, స్పీకర్ ముందు భాగానికి చిన్న అద్దం బల్లపరుపుగా ఆనించి పట్టుకోమని ఒకళ్ళకి చెప్పి మనం మన చోట కూర్చోవాలి, అద్దంలో మన కళ్ళు మనకి కనపడ్డాయంటే స్పీకర్ మన మొహం మీదకే ఉన్నట్టు. మా ఆవిడ చేతి అద్దం తెచ్చి పట్టుకుంది, ముందు నా బొజ్జ కనపడింది, స్టాపర్లు కాస్త లోపలికి తోస్తే కళ్ళు.

ఆదివారం, సబ్ ఎక్కడ

గది కొలతలు చూస్తే బాస్ ఎక్కడ తన్నుతుందో ముందే లెక్క కట్టొచ్చు. శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు, దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగించాలి. 16 అడుగులకి 35 హెర్ట్జ్ దగ్గర, 11 అడుగులకి 51 దగ్గర వచ్చింది. మూలలో పెడితే ఇవన్నీ ఒకేసారి లేస్తాయి, బాస్ ఎక్కువైనట్టు అనిపిస్తుంది కానీ అది ఒకే స్వరం బాస్, తబలా అయినా బాంబు అయినా ఒకటే బుమ్. కిందింట్లోకి దిగేది కూడా ఆ బుమ్మే.

సబ్‌ని మోసుకెళ్ళి సోఫాలో నేను కూర్చునే చోట కూర్చోబెట్టి, ఫోన్ నుంచి 40, 50, 60, 80 హెర్ట్జ్ టోన్లు వేస్తూ గోడల వెంబడి నేల మీద పాకుతూ విన్నా. ఎక్కడ నాలుగూ కాస్త సమానంగా వినపడితే అక్కడ సబ్ పెట్టాలి, చెవి ఉన్న చోటు, సబ్ ఉన్న చోటు తారుమారు చేసినా ఫలితం ఒకటే కాబట్టి ఇది పని చేస్తుంది. నాన్నగారు పేపర్ దించి "ఏంట్రా ఇది, ఉంగరం పోయిందా" అన్నారు. టీవీ యూనిట్ ఎడమ అంచు పక్కన, మూల నుంచి దూరంగా గోడ మధ్యకి దగ్గరగా బాగుంది. వెడల్పుకి మధ్యలో ఉంటే ఆ 51 పెద్దగా లేవదు, అందుకే కాబోలు. అదృష్టం కొద్దీ ప్లగ్ పాయింట్ కూడా అక్కడే ఉంది. కింద మందపాటి రబ్బరు ప్యాడ్ వేశా, శ్లాబులోకి దిగే వణుకు తగ్గడానికి.

సబ్ వెనక మీటలు: క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింద శబ్దం సబ్‌కి వెళ్ళాలో కోసే చోటు) మీటని చివరి దాకా తిప్పేశా, ఎల్‌ఎఫ్‌ఈ (సినిమాలో బాస్ కోసం విడిగా ఉండే ట్రాక్) అని స్విచ్ ఉంటే అందులో పెట్టాలి. కోత పని రిసీవర్ చేస్తుంది, రెండు చోట్లా కోస్తే మధ్యలో గుంట పడుతుంది. గెయిన్ సగం. ఫేజ్ సున్నా.

మైకు, బెజవాడ ఎండ

కాలిబ్రేషన్ (స్పీకర్ల టోన్లు మైకుతో విని రిసీవర్ తానే సరిచేసుకోవడం) అంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. మే నెల విజయవాడలో ఫ్యాను, ఏసీ ఆపేసి కూర్చోమనడం ఎంత అన్యాయమో ఈ మైకు కనిపెట్టినవాళ్ళకి తెలీదు. పగలు మొదలుపెడితే శబ్దం ఎక్కువగా ఉందని ఆగిపోయింది, పక్కింట్లో కుక్కర్ విజిల్. అది అయ్యాక కింద రోడ్డు మీద కొబ్బరిబోండాల బండి మైకు. చివరికి తెల్లారుజామున ఐదింటికి, ఫ్రిజ్ కూడా ఆపేసి, చేశా. టోన్లు గట్టిగానే వస్తాయి కాబట్టి మాస్టారికి ముందురోజే చెప్పి ఉంచా, "నేను నాలుగింటికే లేస్తానయ్యా, కానీయ్" అన్నారు.

మైకు కెమెరా ట్రైపాడ్ మీద, చెవి ఎత్తులో. సోఫా మీద దిండు పెట్టి దాని మీద మైకు పెట్టడం, చేత్తో పట్టుకోవడం రెండూ వద్దు. మొదటి పాయింటు సరిగ్గా మనం కూర్చునే చోట ఉండాలి, దూరాలు, లెవెళ్ళు ఆ పాయింటు నుంచే తీసుకుంటుంది. మిగతావి దాని చుట్టూ అడుగు, రెండడుగుల్లో. ఎక్స్‌టీలో 8 పాయింట్లు ఇస్తుంది, అన్నీ వాడా, కానీ గది మూలమూలకీ తిప్పలేదు, మనం వినని చోటుకి సరిచేసి ఏం లాభం.

ఇదంతా రిసీవర్ మెనూలోంచి కాకుండా ఫోన్లో ఆడిసీ ఎడిటర్ ఆప్ నుంచి చేశా. డబ్బు పెట్టి కొనాల్సిన ఆప్, కొన్నది ఒకే ఒక్క స్విచ్ కోసం. ఆడిసీ మామూలుగా 2 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న గుంట పెడుతుంది, మిడ్‌రేంజ్ కాంపెన్సేషన్ అంటారు. చాలా స్పీకర్లలో వూఫర్ నుంచి ట్వీటర్‌కి అప్పగింత జరిగే చోటు అది, అక్కడ కాస్త మెత్తగా ఉంటే చెవికి హాయిగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. కానీ చ, ట, ప లాంటి హల్లుల పదును కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. వయసు మీద పడిన చెవులకి ముందు తగ్గేదే పై ఫ్రీక్వెన్సీలు, అందులో మళ్ళీ మనం కోత పెట్టడం దేనికి. సెంటర్‌కి ఆఫ్ చేశా. పాత సినిమాలో గబగబా మాట్లాడే సీన్ ఒకటి పెట్టి ఆన్, ఆఫ్ చేసి నాన్నగారికి వినిపిస్తే ఏది ఏదో చెప్పకుండానే ఆఫ్ చేసిందే బాగుంది అన్నారు.

సోమవారం రాత్రి, ఆటో పెట్టిన అంకెల మీద చెయ్యి

టవర్లని రిసీవర్ లార్జ్ అని పెట్టింది. మైకుకి వాటి బాస్ కింద దాకా వినపడింది, అందుకని అలా పెడుతుంది, దానిదేం తప్పు లేదు. కానీ లార్జ్ అంటే ఆ స్పీకర్ బాస్ అంతా అదే మోయాలి, సబ్‌కి పంపదు. సబ్ ఉన్నాక సైజు ఎంతదైనా స్మాల్ పెట్టడమే మంచిది, ఆంప్ మీద భారం తగ్గుతుంది, పైగా సబ్‌ని మంచి చోటు వెతికి మరీ పెట్టుకున్నాం కదా. స్మాల్ అన్న పేరు చూసి మా బావమరిది నొచ్చుకున్నాడు, ఇన్ని వేలు పోసి టవర్లు కొని స్మాలా బావా అని. సైజు గురించి కాదు అది, బాస్ ఎవరు మోయాలి అని అడగడం, అంతే.

క్రాసోవర్ ముందు మూడింటికీ 80 హెర్ట్జ్, ఇది టీహెచ్‌ఎక్స్ (సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే సంస్థ) వాళ్ళు పాపులర్ చేసిన అంకె, అంతకన్నా కింద శబ్దం ఎటునుంచి వస్తుందో చెవి పట్టుకోలేదు. వెనక చిన్నవాటికి 100. తర్వాత సెంటర్‌ని కూడా 100 చేశా, అరలో మిగిలిన ఆ కాస్త గుమ్ము పోయింది. ఆడిసీ పెట్టినదాని కన్నా క్రాసోవర్ పెంచొచ్చు, తగ్గించకూడదు, కింద అది దిద్దలేదు కాబట్టి. ఎల్‌ఎఫ్‌ఈ లో పాస్ ఫిల్టర్ 120, దాన్ని ముట్టుకోకండి, అది వేరే ట్రాక్, పై క్రాసోవర్‌తో సంబంధం లేదు, తగ్గిస్తే సినిమా వాళ్ళు పెట్టిన బాస్ కొంత మాయమవుతుంది. సబ్‌వూఫర్ మోడ్ ఎల్‌ఎఫ్‌ఈ మాత్రమే. పక్కనే ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్ ఉంటుంది (ఓంకియోలో డబుల్ బాస్, యమహాలో ఎక్స్‌ట్రా బాస్ అంటారు), ఒకే బాస్‌ని రెండు చోట్ల నుంచి కొట్టిస్తుంది. మాస్టారు కింద లేకపోయినా నేను పెట్టను.

దూరాలు చూస్తే అన్నీ టేపుతో సరిపోయాయి, సబ్ మాత్రం టేపులో 9 అడుగులు, రిసీవర్లో 17. చాలామంది ఇది చూసి కంగారుపడి 9కి మార్చేస్తారు. మార్చొద్దు. సబ్ లోపల ఉండే సర్క్యూట్ వల్ల శబ్దం ఆలస్యంగా బయటికి వస్తుంది, ఆ ఆలస్యాన్ని దూరంగా లెక్కేస్తుంది రిసీవర్, 8 అడుగుల తేడా అంటే 7 మిల్లీసెకన్లు. ఫోన్ ఆప్‌తో లెవెళ్ళు కూడా చూశా, ఆప్ సెట్టింగుల్లో సీ వెయిటింగ్, స్లో పెట్టి. ఫోన్ మైకు చెప్పే 75 డెసిబెళ్ళు నిజంగా 75 కాకపోవచ్చు కానీ ఐదు స్పీకర్లూ ఒకదానితో ఒకటి సమానమా కాదా చెప్పడానికి చాలు. సరిగ్గానే ఉన్నాయి. ఆ పైన సెంటర్‌ని చేత్తో 2 డెసిబెళ్ళు పెంచా.

టీవీ వైపు

వారం మధ్యలో తెలిసింది ఏంటంటే ఓటీటీ యాప్‌లో 5.1 అని ఉన్నా రిసీవర్ ఇన్ఫో నొక్కితే పీసీఎం, రెండు ఛానెళ్ళు అనే చూపిస్తోంది. అంటే అప్పటిదాకా సెంటర్లోంచి వచ్చింది రిసీవర్ స్టీరియోలోంచి ఊహించి తీసింది. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ ఫ్యాక్టరీ నుంచే పీసీఎంలో వచ్చింది, పాస్‌త్రూ (వచ్చిన శబ్దాన్ని ముట్టుకోకుండా పంపేది) చేశా, ఇ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐలోంచి రిసీవర్‌కి పంపేది) ఆన్ చేశా, హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీ వెనక ఇ-ఆర్క్ అని రాసి ఉన్న పోర్టులోనే ఉందో లేదో చూశా. వెంటనే డాల్బీ డిజిటల్ ప్లస్ అని పడింది. టీవీ పాతదై ఇ-ఆర్క్ లేకపోయినా దిగులు అక్కర్లేదు, ఓటీటీలు ఇచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ మామూలు ఆర్క్‌లోంచి కూడా వస్తుంది, బ్లూరేలో ఉండే ట్రూహెచ్‌డీ లాంటివాటికే ఇ-ఆర్క్ కావాలి. ఇంకోటి, కొన్ని టైటిళ్ళకి ఒరిజినల్ భాషలో 5.1 ఉండి తెలుగు డబ్బింగ్ ట్రాక్ మాత్రం స్టీరియోనే ఉంటుంది, రిసీవర్ని తిట్టే ముందు ఆడియో లిస్టు చూడండి.

నాన్నగారి వార్తా ఛానెళ్ళు కేబుల్ బాక్స్ నుంచి స్టీరియోలోనే వస్తాయి, వాటికి డాల్బీ సరౌండ్ మోడ్. యాంకర్ గొంతుని సెంటర్లోకి తెస్తుంది, చాలు. మల్టీ ఛానెల్ స్టీరియో అని ఒకటుంది, ఐదు దిక్కుల నుంచీ అదే డిబేట్, ఒకళ్ళ అరుపు చాలదన్నట్టు.

హమ్

సబ్ నుంచి సన్నగా మ్మ్మ్ అని 50 హెర్ట్జ్ చప్పుడు, సినిమా ఆపితేనే వినపడుతుంది. ఒక్కొక్క కేబులూ పీకుతూ పోతే కేబుల్ టీవీ వాళ్ళ కోయాక్స్ వైరు బాక్స్ నుంచి ఊడదీయగానే ఆగిపోయింది. ఆ వైరుకి బయట ఎక్కడో ఎర్త్, మన ప్లగ్గులకి ఇంకో ఎర్త్, రెండింటి మధ్య కరెంటు తిరుగుతోంది. కోయాక్స్‌కి పెట్టే చిన్న ఐసోలేటర్ వేస్తే పోయింది. డిష్ ఉన్నవాళ్ళకి ఇది పని చేయదు, డిష్ మీదున్న ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ పట్టుకునే పరికరం) కరెంటు వెళ్ళేది ఆ వైరులోంచే, ఐసోలేటర్ దాన్ని ఆపేస్తుంది. సబ్ త్రీపిన్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. హమ్‌తో పాటు మనం కూడా పోతాం, ఆ పని మాత్రం చేయొద్దు.

రాత్రి సెట్టింగులు

ఇక అసలు టార్గెట్. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్ ముందు తగ్గిపోతుంది, అందుకని డైనమిక్ ఈక్యూ బాస్‌నీ సరౌండ్లనీ లేపుతుంది. పగలు బాగుంది. రాత్రి అదే మాస్టారి గారి సీలింగ్ మీదకి వెళ్తుంది. దీనికి రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ అని ఉంది, 0, 5, 10, 15. సున్నా అంటే సినిమా ప్రమాణం, టీవీ కార్యక్రమాలకి 10 అని ఆడిసీ వాళ్ళే చెప్తారు, అంకె పెరిగితే ఆ లేపడం తగ్గుతుంది. ఓటీటీ సినిమాకి 5, కేబుల్ బాక్స్‌కి 15 పెట్టా. రాత్రికి డైనమిక్ వాల్యూమ్ మీడియం, ఇది గుసగుసని పెంచి పేలుడుని నొక్కుతుంది. సినిమా మీద మమకారం ఉన్నవాళ్ళు దీన్ని తిడతారు, తిట్టనీండి, పదిన్నరకి వాళ్ళు మా కింద ఇంట్లో పడుకోరు కదా. సబ్ లెవెల్ కూడా 3 డెసిబెళ్ళు దించి ఇదంతా క్విక్ సెలెక్ట్ 2 మీద దాచా, నాన్నగారి రిమోట్ మీద ఆ బటన్‌కి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క.

మర్నాడు మాస్టారు లిఫ్ట్‌లో కలిస్తే అడిగా. "ఫైట్ వినపడలేదయ్యా, కానీ కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వచ్చింది" అన్నారు. కుర్చీలకి రబ్బరు బూట్లు తేవాలి, రిసీవర్లో దానికి సెట్టింగ్ లేదు.

చిన్నవి ఇంకొన్ని. కేబుల్ బాక్స్ మిగతావాటికన్నా గట్టిగా ఉంది, దాని సోర్స్ లెవెల్ 5 తగ్గించా. పవర్ ఆన్ లెవెల్ 35, పై లిమిట్ 70, పిల్లలు డయల్ తిప్పుతారు. పెదాలకి మాటకి పొంతన బాగానే ఉంది. తేడా ఉంటే ఒకటి గుర్తుంచుకోండి, మాట ముందొస్తే రిసీవర్లో డిలే పెంచొచ్చు, మాట వెనకబడితే రిసీవర్ ఏం చేయలేదు, ముందు టీవీ వైపు ఏదైనా ఆడియో డిలే పెట్టి ఉందేమో చూడాలి. సెట్టింగ్ పేజీలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టా, రీసెట్ అయితే మళ్ళీ తెల్లారుజామున లేచే ఓపిక లేదు.

మిగిలింది టైల్స్ గోల. హాల్ మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే టర్ర్ మని మోగుతోంది, దీన్ని ఏ ఈక్యూ దిద్దలేదు. సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి కార్పెట్, బాల్కనీ అద్దానికి బరువైన కర్టెన్ అనుకున్నాం, రంగు దగ్గర ఇంట్లో చర్చలు నడుస్తున్నాయి. అవి వచ్చాక గది మారిపోతుంది కాబట్టి మైకు మళ్ళీ తీయాలి, ఈసారి ఎండలు తగ్గాకే. కొత్త క్రాసోవర్, లెవెల్ అంకెలు ఈ పాతవాటి కిందే రాస్తా.